వార్షిక నివేదిక: పెద్దల మానసిక ఆరోగ్యం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కమిటీ ఎక్కువ సమయం 60 దాటిన సభ్యుల మానసిక ఆరోగ్యం మీదే పెట్టింది. ఆటల పోటీలు, గ్రంథాలయం ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చులు కోశాధికారి చదువుతారు.

వారం వారం పెట్టిన మాటామంతీకి ఆడవాళ్లు బాగానే వచ్చారు. మగవాళ్లు వాళ్లను గేటు దగ్గర దింపి వెళ్లిపోయారు. దిగులు ఆడవాళ్లకే ఎక్కువని దీన్నిబట్టి కొందరు తేల్చేశారు. అందులో సగం నిజమే. పెద్ద వయసులో డిప్రెషన్ స్త్రీలలోనే ఎక్కువగా బయటపడుతుంది. భర్త పోయాక ఏళ్ల తరబడి ఒంటరిగా ఉండటం, ఇంట్లో మంచాన పడ్డవాళ్లకు చాకిరీ, చేతిలో సొంత డబ్బు లేకపోవడం, అన్నీ కారణాలే. కానీ ఆత్మహత్యల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. దాదాపు ప్రతి దేశంలోనూ ప్రాణం తీసుకునే వృద్ధుల్లో మగవాళ్లే ఎక్కువ. వాళ్ల బాధ చిరాకుగానో, తాగుడుగానో, నిద్రపట్టకపోవడంగానో కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు చాదస్తం అని వదిలేస్తారు.

వృద్ధుల్లో డిప్రెషన్‌ను పసిగట్టే 15 ప్రశ్నల జీడీఎస్ పత్రం నింపించాం. అవును, కాదు అని టిక్కు పెడితే చాలు. స్కోరు 5 దాటితే డాక్టరును కలవమన్నాం, జబ్బు ఖాయమని మాత్రం కాదు. జీవితం ఖాళీగా అనిపిస్తోందా అన్న ప్రశ్న దగ్గర ఒక పెద్దాయన పెన్ను ఆపి భార్య వైపు చూశారు. "ఆయనకేం, బాగానే ఉన్నారు" అని ఆవిడే చెప్పేశారు. ఆయన 'కాదు' మీద టిక్కు పెట్టారు. (ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను.) అప్పటి నుంచి దంపతులను వేర్వేరు గదుల్లో కూర్చోబెడుతున్నాం. మళ్లీ నింపిస్తే జవాబులు మారాయి, ఆయనవే కాదు, ఆవిడవి కూడా.

మగవాళ్లను మాట్లాడటానికి రమ్మంటే రారు, పనికి పిలిస్తే వస్తారు. ఆస్ట్రేలియాలో 1990లలో మొదలైన మెన్స్ షెడ్‌లు, అంటే మగవాళ్లు ఒకచోట చేరి చేతిపనులు చేసుకునే షెడ్లు, నడిచేది ఈ కిటుకు మీదే. మనమూ వెనక గదిలో పాత ఫ్యాన్లు, కుర్చీలు బాగుచేసే బల్ల వేశాం. ఫ్యాన్లు ఎన్ని తిరిగాయో అడక్కండి! భార్య పోయాక గుమ్మం దాటని ఒకాయన ఇప్పుడు తాళం తీసేవేళకే వచ్చి నిలబడుతున్నారు. చుట్టరికాలూ స్నేహాలూ భార్య ద్వారానే నడిచిన మగవాడికి ఆమె పోతే అవీ తెగిపోతాయని మాకు అక్కడే అర్థమైంది.

ఆడవాళ్ల విషయంలో మనం చేసింది తక్కువ. రోగిని వదిలి రాలేనివాళ్లకు మాటామంతీ పెట్టి ఏం లాభం? వచ్చే ఏడాది వారానికి రెండు గంటలు వాళ్ల బదులు రోగి దగ్గర కూర్చునే వాలంటీర్లు కావాలి. మగవాళ్లు కూడా పేరివ్వాలి. వినికిడి పరీక్షలు కూడా పెట్టిస్తాం, చెవి తగ్గినవాళ్లు నలుగురిలోకి రావడం మానేస్తున్నారు. వాలంటీర్ల రిజిస్టరు ఆఫీసులో ఉంది.

కార్యదర్శి