చందుర్తి యుద్ధం మా హాల్లో

ఒరేయ్ శీనూ,

ఫోన్లో సగం చెప్పి వదిలేశాను కదా, మిగతాది రాస్తున్నాను. ఆట తయారైందిరా! ఆదివారం వస్తే చాలు, మధ్యాహ్నం నుంచి పిల్లలు, మా బావమరిది, నేను హాల్లో చాప మీదే. భోజనాలు చల్లారిపోతున్నాయని మీ చెల్లెమ్మ ఒకటే గోల.

బొబ్బిలి అందరికీ తెలుసు. మరుసటి ఏడాది, 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర జరిగిన చందుర్తి యుద్ధాన్ని మాత్రం మన బళ్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. ఫ్రెంచివాళ్లతో చెడిన విజయనగరం ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు, క్లైవు బెంగాల్ నుంచి కల్నల్ ఫోర్డ్‌ని ఓడల మీద మన విశాఖకే పంపాడు. అవతల ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్.

ఫ్రిజ్ అట్టపెట్టె మీద మచిలీపట్నం దాకా మ్యాప్ గీశాను. పాచికల బదులు గవ్వలు. ఫ్రెంచి సేన చింతపిక్కలు, ఇంగ్లీషు సేన ఎర్రరంగు వేసిన ఐదు సీసా మూతలు. ఒక్కో మూతకి సుమారు 500 మంది. ఒక్కదాని లోపలే తెల్లచుక్క ఉంటుంది, అది తెల్లవాళ్ల పటాలం. అసలు యుద్ధంలోనూ ఇంతే. ఇంగ్లీషు సేనలోని మన దేశపు సిపాయిల ఎర్రకోట్లు చూసి వాళ్లే ఇంగ్లీషువాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు మీద పడ్డారు, అసలువాళ్లు ఏపుగా ఎదిగిన చేను చాటున ఉన్నారు. మావాడు ఏ మూత మీద పడాలో తేల్చుకోలేక గోళ్లు కొరుక్కుంటుంటే చూడాలి!

కానీ అసలు మజా రాజుగారి వేషంలో ఉంది. సైన్యం ఖర్చుకి నెలకి 50,000 ఇస్తానని ఒప్పుకున్నాడు కదా, డబ్బు పడకపోతే ఫోర్డ్ కదలకూడదని రూలు పెట్టాను. మా అమ్మాయి రాజు. "రాజమండ్రి చేతికి రానీ మామయ్యా, అప్పుడిస్తా" అంటూ గవ్వలు ఒళ్లో దాచుకుని కూర్చుంటుంది. ఫోర్డ్‌గారు బతిమాలుతుంటారు. ఈలోగా ఫ్రెంచివాళ్ల పక్షాన నిజాం సలాబత్ జంగ్ ఒక్కో గడీ జరుగుతూ మచిలీపట్నం వైపు వచ్చేస్తుంటాడు. ఆనంద గజపతి కూడా డబ్బు దగ్గర ఇలాగే నాన్చాడట. పిల్లకి ఎవరూ నేర్పలేదురా!

ఒక్కటే కుదరట్లేదు, ఫ్రెంచివాళ్ల చేతిలోని మచిలీపట్నం కోట. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ మందుగుండు అయిపోవస్తుంటే రాత్రికి రాత్రి మీదపడి పట్టేశాడు. పట్టుబడ్డవాళ్లే పట్టుకున్నవాళ్లకంటే ఎక్కువట. గవ్వలు వేస్తే ఎప్పుడూ ఓడిపోతున్నాడు, రూలు సడలిస్తే ఎప్పుడూ గెలుస్తున్నాడు. మూడు వైపుల నుంచి ఒకేసారి దాడి పెడదామా? లెక్కల్లో నువ్వే గట్టి, ఆలోచించి రాయి. సంక్రాంతికి వస్తే కాన్‌ఫ్లాన్స్ సీటు నీదే. మూతలు తిప్పి చూశావో, చెయ్యి విరిచేస్తా.

నీ
సూరి