ఓసీడీ మందులు మధ్యలో ఆపకండి: జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా తమ్ముడికి ఓసీడీ, అంటే వద్దన్నా వదలని అనుమానాలు, వాటి వల్ల చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బు. ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు కనుక ఈసారి నలుగురి ముందు రాస్తున్నాను.

గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానంతో వాడు గడప దాటలేడు. కట్టేసిన సంగతి వాడికీ తెలుసు. అయినా టెన్షన్ తగ్గదు, మళ్లీ వెళ్లి చూస్తాడు. కాసేపు ఊరట. ఆ ఊరటే జబ్బును పెంచుతుంది. "కట్టేశాను లేరా" అని అమ్మ పదేపదే చెప్పడం కూడా దానికి మేతే. చాదస్తమని నవ్వేవాళ్లకు ఇదంతా ఎక్కడ తెలుస్తుంది?

ఓసీడీకి ఇచ్చే ఫ్లూఆక్సెటిన్ మాత్ర పూర్తిగా పనిచేస్తోందో లేదో తేలడానికే 8 నుంచి 12 వారాలు పడుతుంది. మధ్యలో "స్టాక్ లేదు" అని పంపేస్తే ఆ వారాలు వృథా. భయాన్ని ఎదుర్కొంటూనే మళ్లీ చూడకుండా ఆగడం నేర్పే ఈఆర్‌పీ థెరపీ మన జిల్లా ఆసుపత్రిలో లేనే లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 మంచిదే, కానీ ఫోనులో మాత్రలు రావు కదా.

అత్యావశ్యక జాబితాలోని మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో అన్నివేళలా ఉచితంగా అందాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చెబుతోంది.

కాబట్టి మందులు ఆగకుండా ఇప్పించండి. ఈఆర్‌పీ తెలిసిన క్లినికల్ సైకాలజిస్టును వారానికి ఒక్కరోజైనా నియమించండి. ఎప్పటి నుంచో తేదీతో సహా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక రోగి అక్క