స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

2020 మార్చి 23 నాకింకా గుర్తే. కరోనా భయంతో స్టాక్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 10 శాతం పడగానే ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది. మళ్లీ తెరిచాక ఇంకా జారి, 3,934 పాయింట్ల నష్టంతో 25,981 దగ్గర ముగిసింది. ఆగడం, మార్కెట్ మరీ పడితే ట్రేడింగ్‌ను కాసేపు ఆపేసే సర్క్యూట్ బ్రేకర్ వల్లనని, జనం కాస్త ఊపిరి తీసుకోవడానికేనని మాకెవరూ తెలుగులో చెప్పలేదు. మార్కెటే మూతపడుతోందనుకుని, టెన్షన్‌లో మర్నాడే ఉన్నవన్నీ అమ్మేశాను. తొందర నాదే, కాదనను. కానీ 2021 జనవరికల్లా అదే సెన్సెక్స్ 50,000 తాకింది. కరోనా అప్పటికింకా పోనేలేదు!

మళ్లీ అలాంటి రోజొస్తే, ఆ ముప్పావుగంటలోనే ట్రేడింగ్ ఎందుకు ఆగిందో, ఎప్పుడు మొదలవుతుందో రెండు ముక్కలు మా ఫోన్లకు తెలుగులో పంపమని బ్రోకర్లను ఆదేశించండి.

ఇట్లు,
ఒక చిన్న మదుపరి, గుంటూరు