వార్షికోత్సవ బుర్రకథ గురించి తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

వార్షికోత్సవం నాడు మన పిల్లలు ముగ్గురు సముద్రపు కోత మీద చెప్పిన బుర్రకథ గురించి మీ వాట్సాప్ గ్రూపులో సాగుతున్న చర్చ నా దాకా వచ్చింది. పిల్లల చేత పెద్దలను ఎగతాళి చేయించారని కొందరు, బడిలో రాజకీయాలెందుకని మరికొందరు అడిగినట్లు తెలిసింది కనుక, అందరికీ ఒకేసారి సమాధానం చెప్పడం మర్యాద అనిపించింది.

బుర్రకథలో కథకుడికి వంత పాడేవారు ఇద్దరు, ఒక పక్క హాస్య వంత, మరో పక్క రాజకీయ వంత ఉంటారు. లోకంలో జరుగుతున్నదాన్ని కథలోకి లాక్కొచ్చి నిలదీయడమే ఆ రెండో వంత పని. బుర్రకథకు పేరుమోసిన కళాకారుడు షేక్ నాజర్ గారు బెంగాల్ కరువును బుర్రకథగా కట్టి ఊరూరా వినిపించిన రోజుల్లో, ఈ కళంటే గిట్టక ఇటు బ్రిటిష్ వారు, అటు నిజాం ప్రభుత్వం నిషేధాలు విధించారు. ఆ ప్రభుత్వాలు పోయాయి, 1986లో నాజర్ గారికి పద్మశ్రీ వచ్చింది. కరువు గురించి అడిగిన ఆ గొంతుతోనే కడలి కోత గురించి ఇప్పుడు ఎందుకు అడగకూడదు? సైన్సు పుస్తకంలోని వాతావరణ మార్పు పాఠం పరీక్షలో మార్కులు తెచ్చిపెడుతుంది గాని, మన కాకినాడ పక్కనే ఉప్పాడ తీరం కోసుకుపోతున్న సంగతిని నిండు సభ చేత ఫోన్లు పక్కన పెట్టించి మరీ వినిపించినది పాఠం కాదు, ముగ్గురు పిల్లలు.

కథకురాలిగా నిలిచిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఉప్పాడ జాందానీ చీరలు నేసే ఇంటి పిల్ల. వాళ్ల అమ్మమ్మ నీళ్లు తోడుకున్న బావి ఇప్పుడు అలల లోపల ఉంది. కథ ఆ బావి దగ్గరకు వచ్చేసరికి ఆ అమ్మాయి తంబురా మీటడం ఆపేసి, చేతి అందెలు మాత్రమే మోగిస్తూ నాలుగు అడుగులు వెనక్కి వేసింది. అది ఎవరూ నేర్పినది కాదు. గోదావరి ఒండ్రు ఆనకట్టల వెనుక ఆగిపోవడం, సముద్ర మట్టం పెరగడం, తుపానులు ఒడ్డును కొట్టడం, ఇలా ఒక్కో కారణానికి ఒక్కో చరణం కట్టుకున్నారే గాని, అన్నిటినీ కలిపి కాలుష్యం అనే ఒక్క మాటతో సరిపెట్టలేదు. వంతలుగా నిలిచి డక్కీ వాయించిన ఇద్దరు అబ్బాయిలు మధ్యాహ్న విరామాల్లో సాధన చేసి, భోజనం చేయమని నా చేత తిట్లు కూడా తిన్నారు.

ఇక అభ్యంతరానికి కారణమైన మాట. బడి గంట కొట్టేదాకా గేటు ముందు ఏసీ వేసుకుని ఇంజిను ఆపకుండా కూర్చునే నాన్నగారు ఎవరని రాజకీయ వంత అడిగితే, హాస్య వంత "మా నాన్నే!" అన్నాడు. అది ఏ ఒక్కరినీ ఉద్దేశించినది కాదు. అయితే నా గది కిటికీ గేటు వైపే ఉన్నందున, కల్పించినది కూడా కాదని సవినయంగా మనవి చేస్తున్నాను. పర్యావరణ ప్రాజెక్టును పిల్లలు నిద్రపోయాక మీరే థర్మాకోల్ మీద ఎంతో అందంగా చేసి పంపుతున్న శ్రద్ధకు కృతజ్ఞతలు. ఆ శ్రద్ధలో కొంత ఇంజిను తాళం మీదకు మళ్లించగలిగితే మరింత సంతోషిస్తాము. రోజూ ప్లాస్టిక్ సీసాలో నీళ్లు కొనిచ్చి పంపేవారు స్టీలు సీసా ఒకటి ఇప్పించాలని ఇంతకు ముందూ కోరాము, మళ్లీ కోరుతున్నాము.

ఉప్పాడ మత్స్యకారుల కోరిక మీద వచ్చే రెండో శనివారం సాయంత్రం పిల్లలు ఇదే కథను అక్కడ చెప్పబోతున్నారు. కథలో ఏ మాటా తీసివేయడం లేదు. మీ పిల్లలను చూడడానికి పంపదలచుకుంటే అనుమతి పత్రం గురువారంలోగా తరగతి ఉపాధ్యాయులకు ఇవ్వండి. ఇంకా అభ్యంతరం ఉన్నవారు ఏ రోజైనా సాయంత్రం నాలుగు తరువాత నా గదికి రావచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు