ఖాళీ నెల లెక్క

చిరంజీవికి అమ్మ ఆశీస్సులు.

నాన్నా, అప్పు చేసి ఇల్లు కొని అద్దెకిస్తానంటూ నువ్వు పంపిన కాగితం రెండుసార్లు చదివాను. ఇంటి ధర, బ్యాంకు అప్పు, నెల వాయిదా, రాబోయే అద్దె, అన్నీ గళ్ళు గీసి ముచ్చటగా రాశావు. చివర "అద్దె వస్తుంటే వాయిదాలో సగానికి పైగా దానంతట అదే తీరిపోతుందమ్మా" అని రాసి కింద గీత కూడా గీశావు. ఆ "దానంతట అదే" దగ్గరే నాకు నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా రెండు వాటాలు అద్దెకిస్తున్నాను. ఈ వ్యవహారంలో ఏ పనైనా దానంతట అది జరగగా నేను చూడలేదు.

కొనవద్దని రాయడం లేదు. నీ కాగితంలో కొన్ని గళ్ళు తక్కువపడ్డాయి. అవి కూడా గీసుకుని చూడమంటున్నాను.

ఏడాదికి పన్నెండు నెలల అద్దె వేసుకున్నావు. నా పుస్తకంలో పన్నెండూ నిండిన ఏళ్ళు ఉన్నాయి, కానీ అవి పాతవాళ్ళే కొనసాగిన ఏళ్ళు. మనిషి మారినప్పుడల్లా గోడలకు రంగు, చిన్నా చితకా పనులు, ఇల్లు చూడడానికి వచ్చేవాళ్ళ కోసం ఎదురుచూపులు, వీటన్నిటికీ ఒక నెల ఇట్టే కరిగిపోతుంది. ఒక్క నెల ఖాళీగా ఉంటే ఏడాది అద్దెలో 8.3 శాతం పోయినట్టే. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. పై వాటాలో ఒక టీచరుగారి కుటుంబం ఉండేది. ఒకటో తారీకు దాటకుండా అద్దె ఇచ్చేవాళ్ళు. పక్కింటివాళ్ళు ఎక్కువ తీసుకుంటున్నారని విని, నేనూ నూటికి అయిదు పెంచమని పట్టుబట్టాను. వాళ్ళు మాట తూలకుండా ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఇల్లు రెండున్నర నెలలు ఖాళీగా ఉంది. నెల అద్దె వంద అనుకుంటే నాకు పోయింది 250. కొత్తవాళ్ళ దగ్గర అదనంగా వచ్చేది నెలకు 5. పోయినది పూడడానికి యాభై నెలలు! ఆ యాభై నెలలూ నిండకముందే కొత్తవాళ్ళు కూడా వెళ్ళిపోయారనుకో, అది వేరే సంగతి.

ఇప్పుడు అప్పు గడికి వద్దాం. ఇంటి ధర వంద అనుకో. చేతి డబ్బు 20, అప్పు 80. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్ళు అంటే వాయిదాల మొత్తం ఏడాదికి సుమారు 8.6 అవుతుంది. నువ్వు వేసుకున్న అద్దె ఏడాదికి 5. పదకొండు నెలలకే లెక్కగడితే 4.6. మరమ్మతులు, ఇంటి పన్ను, బీమా, భవనం నిర్వహణ ఖర్చు అన్నీ కలిపి 1.2 తీసేద్దాం. మిగిలేది 3.4. నువ్వు చెప్పిన "సగానికి పైగా" నలభై శాతానికి దిగింది. అద్దె మీద ఆదాయపు పన్ను కట్టాల్సి వస్తే, అది ఇందులో నేను కలపనేలేదు. తక్కిన 5.2 ఏటా నీ జీతంలోంచే రావాలి. పైగా మొదటి వాయిదాలో ఆరింట అయిదు వంతులు వడ్డీకే పోతుంది, అసలు తగ్గేది ఒక్క వంతు. ఇరవై ఏళ్ళూ కడితే 80 అప్పుకు 173 దాకా చెల్లిస్తావు. వడ్డీ రేటు మారే రకం అప్పయితే ఈ అంకెలన్నీ పెన్సిలుతో రాసుకో.

ఇంటి ధర పెరుగుతుంది కదా అంటావు. పెరగవచ్చు. కానీ పెరిగిన ధర నీ చేతికి వచ్చేది అమ్మిన రోజునే, వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాలి. అందుకే ధరను పక్కన పెట్టి, అద్దె తన కాళ్ళ మీద ఎంతవరకు నిలబడుతుందో ముందు చూడమంటాను. నీ దగ్గర ఉన్నదంతా ఆ ఇరవైలోనే పోస్తే ఇంకో చిక్కుంది. ఒంట్లో బాగోలేదనో, ఉద్యోగం పోయిందనో డబ్బు అవసరమైతే ఇంట్లోంచి ఒక గది విడదీసి అమ్ముకోలేవు. కనీసం ఆరు నెలల వాయిదాలైనా బ్యాంకులో ముట్టుకోకుండా ఉంచగలిగితేనే ముందుకు వెళ్ళు.

మరమ్మతుల గడిలో నువ్వు సున్నా వేశావు. కొత్త ఇల్లు కదా అని కాబోలు. ఈ విషయంలో నా తెలివి కూడా చెబుతాను, విను. పై వాటా స్నానాల గదిలో కుళాయి కారుతోందని ఒకసారి చెప్పారు. "సరే, చూద్దాం" అన్నాను. మళ్ళీ చెప్పారు. మూడోసారి వాళ్ళు చెప్పలేదు, కింది వాటా పడకగది కప్పు చెప్పింది. మూలన అరచేయంత మచ్చ, అంచు గోధుమరంగు. నెల తిరిగేసరికి అది విస్తరాకంత అయింది. ఒకరోజు పొద్దున్నే సున్నం పెచ్చు ఊడి మంచం మీద పడింది. అదృష్టం బాగుండి అప్పుడు మంచం మీద ఎవరూ లేరు. ప్లంబరు వచ్చి విప్పి చూపిస్తే అరిగిపోయింది చిటికెన వేలి గోరంత రబ్బరు వాషరు. దాన్ని మార్చడానికి పావుగంట పట్టింది. గోడలోకి దిగిన చెమ్మ ఆరి, కప్పుకు పూత వేసి, రంగు వేసేసరికి ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ కిందివాళ్ళు ముందుగదిలో పడుకున్నారు. అద్దె తగ్గించి తీసుకున్నాను, తగ్గించక ఏ ముఖం పెట్టుకుని అడుగుతాను?

అప్పటి నుంచి ఎవరైనా ఫోను చేసి కుళాయి అన్నా, స్విచ్చి అన్నా మర్నాటికి మనిషిని పంపుతున్నాను. ఇందులో నా మంచితనం కంటే నా లెక్కే ఎక్కువ. చెప్పగానే పలికే యజమానిని వదిలి వెళ్ళడానికి ఎవరికీ తొందరగా మనసొప్పదు. వాళ్ళు వెళ్ళకపోతే ఖాళీ నెల రాదు.

ఇంకొకటి చెప్పడానికి కాస్త సిగ్గుగానే ఉంది. ఆ చెమ్మ రోజుల్లోనే, పైవాళ్ళు ఊళ్ళో లేరనుకుని నా దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీశాను. మన ఇల్లే కదా అనుకున్నాను. లోపల వాళ్ళ అమ్మాయి పరీక్షకు చదువుకుంటోంది. నన్ను చూసి ఉలిక్కిపడి లేచి, పుస్తకం గుండెలకు అదుముకుని నిలబడింది. "కుళాయి చూద్దామని" అంటూ నసిగాను. ఆ పిల్ల ఏమీ అనలేదు, దారి ఇచ్చింది. నేను కుళాయి చూడకుండానే దిగివచ్చాను. కాగితాల మీద ఆ ఇల్లు నాదే. కానీ అద్దె తీసుకున్నాక, చెప్పకుండా లోపలికి అడుగుపెట్టే హక్కు నాకు లేదు. చాలాచోట్ల చట్టం కూడా అదే చెబుతుంది. నీ ఒప్పందంలో, ఎంత ముందుగా చెప్పి రావాలో రాయించు. అద్దె ఎప్పుడు, ఎంత పెరుగుతుందో, ఏ మరమ్మతు ఎవరిదో, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలో కూడా.

అడ్వాన్సు సంగతి మీ నాన్నగారిని తలుచుకుంటూ రాస్తున్నాను. ఒకసారి ఆయన ఆ డబ్బు తీసి ప్రహరీ గోడ కట్టించారు. మూడు నెలలకు కిందివాళ్ళకు బదిలీ అయింది. తిరిగివ్వడానికి మా తమ్ముడి దగ్గర చేబదులు తీసుకున్నాం. మీ మామయ్య ఇప్పటికీ ఆ గోడను "నా గోడ" అంటాడు. అడ్వాన్సు మన డబ్బు కాదు, దాచిపెట్టమని ఇచ్చినది. వేరే ఖాతాలో వేసి మరిచిపో. తాళాలు ఇచ్చే రోజున గోడలు, తలుపులు, మీటరు అంకె ఫోటోలు తీసి వాళ్ళకూ ఒక ప్రతి పంపు. వెళ్ళేటప్పుడు వాదన ఉండదు.

మనిషిని ఎంచుకోవడం గురించి ఒక్క మాట. ఇప్పుడున్న ఇంటి యజమానిని అడిగి ఊరుకోకు. వదిలించుకోవాలనుకునేవాడు కూడా బంగారంలాంటి మనిషి అనే చెబుతాడు. అంతకు ముందటి ఇంటి యజమానిని అడుగు. అతనికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉండదు.

నువ్వు ఆ ఇంటిని ఎండాకాలంలో, మధ్యాహ్నం చూశానని రాశావు. తొందరపడి బయానా ఇవ్వకు. గట్టి వాన పడిన మర్నాడు మళ్ళీ వెళ్ళు. కప్పు మూలలు, కిటికీల కింద గోడ చేత్తో తడిమి చూడు. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ధార ఎలా వస్తోందో చూడు. సాయంత్రం పూట వెళ్ళి, ఆ భవనంలో అద్దెకున్నవాళ్ళు ఎన్నేళ్ళుగా ఉంటున్నారో మెట్ల దగ్గర ఎవరినైనా అడుగు. కోడలిని కూడా తీసుకెళ్ళు. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు కుళాయి ఫోను తనకే వస్తుంది, తన మాట కూడా వినాలి కదా.

నా అద్దె పుస్తకం పంపుతున్నాను. ఎడమ పేజీలో వచ్చినవి, కుడి పేజీలో పోయినవి. ఎర్ర సిరాతో ఉన్నవి ఖాళీ నెలలు. చూసి జాగ్రత్తగా తిరిగి పంపు, కిందివాళ్ళు ఒకటో తారీకున అద్దె ఇస్తే రాసుకోవాలి.

ఇట్లు,
అమ్మ