జోకుకు లైసెన్సు వద్దు, పిల్లలపై ఎగతాళికి మాఫీ వద్దు

సంపాదకులకు,

ఆర్యా,

యూట్యూబు, ఇన్‌స్టాగ్రామ్‌లలో హాస్యం పేరిట వస్తున్న బూతును అరికట్టాలంటే ప్రతి వీడియోనూ బయటికి రాకముందే ఒక సంఘం చూసి అనుమతించాలనీ, ఎవరి మనోభావాలు దెబ్బతిన్నా వెంటనే కేసు పెట్టే కొత్త చట్టం తేవాలనీ కోరుతూ ఈ మధ్య మీ పత్రికలో ఒక పాఠకుడు లేఖ రాశారు. ఆయన ఆవేదనతో నాకు పేచీ లేదు, ఆయన చెప్పిన ఉపాయంతోనే పేచీ. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కనుక ఈ రోజుల్లో హాస్యంగా చలామణీ అవుతున్న భాష వింటే నాకూ ఒళ్లు మండుతుంది. అయితే ఒళ్లు మండడాన్ని నేరానికి కొలబద్దగా పెట్టుకుంటే ఆ కొలబద్ద చివరికి ఎవరి చేతికి చేరుతుందో నా చిన్నతనంలోనే ఒకసారి చూశాను.

మా నాన్నగారు తణుకు దగ్గర ఒక ఊరికి కరణం. 1984లో ప్రభుత్వం ఆ ఉద్యోగాలను రద్దు చేసేదాకా ఊళ్లో ఎవరి చేను ఎవరిదన్న లెక్క కరణం దస్త్రంలోనే ఉండేది. ఆ దస్త్రానికి ఉన్న బలం ఎంతటిదో ఈ తరానికి చెప్పినా తెలియదు. నాకు పదేళ్లప్పుడు పగటివేషగాళ్లు వచ్చి మా ఊళ్లో వారం రోజులు మకాం పెట్టారు. రోజుకో వేషం. ఐదో రోజున మా అరుగు ముందుకే కరణం వేషం వచ్చింది. చెవిలో కలం, ముక్కు కొసకు జారిన కళ్లద్దాలు, చంకలో ఎర్రగుడ్డలో చుట్టిన కాగితాల కట్ట, అచ్చం నాన్నగారి నడక, నాన్నగారి దగ్గు. రైతు వేషం కట్టినవాడు తన చేను అడంగల్లో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకంలో, తన పేరునే ఉందా అని అడిగితే, కరణం వేషగాడు కాగితాలు తిరగేసి, కళ్లు చికిలించి, "ఉందిరా, పేరైతే ఉంది. సిరా ఎండిపోయింది. కాస్త తడిపితే గానీ పైకి తేలదు" అన్నాడు. వీధి వీధంతా విరగబడి నవ్వింది. నాన్నగారు నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి, తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు, ఆ రాత్రి అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నారు. అయినా ఆఖరి రోజున వాళ్లు సంభావనకు వస్తే బస్తా వడ్లు కొలిపించారు.

ఆయన మనోభావాలు దెబ్బతిన్నాయి. ఆ మాట అప్పటికి వాడుకలో లేదు, అంతే. ఆయన నిజంగా చెయ్యి తడిపించుకునేవారా అన్నది కొడుకుగా నేను జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదు. అయితే మనసు నొచ్చుకున్నవాళ్లందరూ కేసు పెట్టవచ్చనే చట్టం ఆ రోజుల్లో ఉండి ఉంటే, దాన్ని వాడుకునే స్తోమత ఆ వీధి మొత్తంమీద ఒక్క మా నాన్నగారికే ఉండేది. (ఆ పగటివేషాల్లో కులాలను ఎకసెక్కం చేసినవీ ఉండేవి. పాతవన్నీ మంచివేనని వాదించే ఉద్దేశం నాకు లేదు.)

ఆ లేఖకుడు కోరిన చట్టం లాంటిది మనకు ఒకసారి ఉండేది కూడా. 2008 నాటి సవరణతో ఐటీ చట్టంలో చేరిన 66ఎ సెక్షన్ ప్రకారం కంప్యూటరు ద్వారా, ఫోను ద్వారా తీవ్ర అభ్యంతరకరమైన సందేశం పంపినా, అబద్ధమని తెలిసీ ఎదుటివారికి చికాకో అసౌకర్యమో కలిగించడానికి పంపినా మూడేళ్ల వరకు జైలు. దేనికి చికాకు, ఎవరికి అసౌకర్యం అన్నది పోలీసు ఇష్టం. 2012లో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే మరణం తరువాత ముంబయి బంద్‌ను ప్రశ్నించినందుకు ఒక అమ్మాయిని, ఆ వాక్యానికి లైక్ కొట్టినందుకు ఇంకో అమ్మాయిని పాల్‌ఘర్‌లో అరెస్టు చేశారు. 2013 మేలో చీరాల పోలీసులు ఒక పౌరహక్కుల నాయకురాలిని ఫేస్‌బుక్‌లో ఎమ్మెల్యేను విమర్శించినందుకు అరెస్టు చేశారు. చివరికి 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో జస్టిస్ నారిమన్‌తో పాటు మన కృష్ణా జిల్లావారైన జస్టిస్ చలమేశ్వర్ ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. చర్చించడం, ఒక వాదాన్ని గట్టిగా ప్రచారం చేయడం ఎంత అప్రియంగా ఉన్నా నేరాలు కావనీ, నేరానికో అల్లర్లకో రెచ్చగొట్టే స్థాయికి చేరినప్పుడే చట్టం కలుగజేసుకోవాలనీ ఆ తీర్పు తేల్చింది. రాజ్యాంగం 19వ అధికరణం రెండో క్లాజు వాక్ స్వాతంత్య్రానికి పెట్టిన హద్దుల్లో దేశ భద్రత ఉంది, శాంతిభద్రతలు ఉన్నాయి, మర్యాద, నైతికత, పరువునష్టం ఉన్నాయి, కానీ ‘మనసు నొచ్చుకోవడం’ అన్న మాట అక్కడ లేదు. ఇక ముందస్తు అనుమతి సంగతి పత్రిక నడిపే మీకు నేను చెప్పాలా? ఢిల్లీలోని ‘ఆర్గనైజర్’ పత్రికపై విధించిన ముందస్తు సెన్సారు చెల్లదని సుప్రీంకోర్టు 1950లోనే చెప్పింది.

కొట్టివేసిన ఏడేళ్ల తరువాత కూడా, 2022 అక్టోబరులో, ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించకూడదని సుప్రీంకోర్టు మళ్లీ ఆదేశించవలసి వచ్చిందంటే పోలీసులకు ఆ ఆయుధం మీద మమకారం ఎంతటిదో ఊహించుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ పార్టీలు మారాయి గానీ ఆ మమకారం మారలేదు. 2020 మేలో విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకు ప్రమాదంపై ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పెట్టిన గుంటూరు పెద్దావిడపై సీఐడీ కేసు పెట్టింది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాది చివర్లో గద్దె దిగిన పార్టీ కార్యకర్తల అరెస్టులు వరుసగా సాగాయి. వాళ్లలో కొందరు ఎదుటి పార్టీవాళ్ల ఇళ్లలోని ఆడవాళ్ల గురించి రాసిన రాతలు చదవడానికే సిగ్గుచేటు, నిజమే. అలాంటి రాతలకూ, పాలకుడిపై వేసిన వెటకారానికీ ఒకే రకం నోటీసు వెళ్లడమే నా అభ్యంతరం. ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియోను ప్రసారం చేసినందుకు 2025 మార్చిలో తెలంగాణలో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. ఇవన్నీ చూశాకే కాబోలు, సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో యాంత్రికంగా రిమాండు విధించవద్దని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జులైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, ఫిర్యాదుదారు నిజంగా బాధితుడేనా అని చూసి, ప్రాథమిక విచారణ జరిపాకే ఎఫ్‌ఐఆర్ కట్టాలని మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇంతవరకు రాసింది చదివి, జోకు వేసేవాళ్లకు నేను వకాల్తా పుచ్చుకున్నానని అనుకోవద్దు. మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్లవాడికి నత్తి ఉంది. కిందటేడు పంద్రాగస్టున బడిలో మైకు పట్టుకుని నాలుగు వాక్యాల ప్రసంగం చేశాడు. ‘ప’ దగ్గర, ‘మ’ దగ్గర వాడి పెదవులు మూసుకుపోతాయి. ఆ రోజు ‘ప్రధానోపాధ్యాయులు’ అన్న మాట దగ్గర ఆగి, కళ్లు గట్టిగా మూసుకుని, మళ్లీ మొదలుపెట్టి, మూడోసారికి దాటాడు. ఎవరో దాన్ని ఫోనులో తీశారు. పేరూ ఊరూ లేని ఒక మీమ్ పేజీ ఆ పదకొండు సెకన్లను కత్తిరించి, వెనక స్టార్ట్ కాని మోపెడ్ చప్పుడు చేర్చి వదిలింది. రెండు రోజుల్లో అది మా ఊరికే తిరిగి వచ్చింది. వాడు కనబడితే చాలు, కుర్రాళ్లు కిక్ కొడుతున్నట్టు కాలు ఆడిస్తారు. ఇప్పుడు వాడు పాల ప్యాకెట్టుకు దుకాణానికి వెళ్లాలన్నా చీటీ రాసుకుని వెళ్తాడు.

బూతుమాట ఒక్కటి లేదు ఆ వీడియోలో. అశ్లీలం కోసం జల్లెడ పట్టే ఏ సంఘమైనా దానికి అనుమతి ముద్ర వేసి పంపించేది.

కరణం వేషానికీ, ఈ పదకొండు సెకన్లకూ తేడా నాకు ఇక్కడ కనబడుతోంది. వేషగాడు ఎవరిని వెక్కిరించాడో ఆయన గుమ్మం ముందే నిలబడి వెక్కిరించాడు, మర్నాడు ఆ గుమ్మానికే గింజల కోసం రావలసినవాడు, వెక్కిరింత తిన్నవాడు తలుచుకుంటే ఊళ్లోంచి వెళ్లగొట్టగలిగినవాడు. మీమ్ పేజీవాడికి ఆ పిల్లవాడి మొహం చూడవలసిన అవసరం ఎన్నడూ రాదు. జవాబు చెప్పాలంటే పిల్లవాడు నోరు తెరవాలి, ఆ నోటినే కదా నవ్వులపాలు చేసింది. నొచ్చుకున్నవాళ్ల సంఖ్య కాదు, నవ్వు ఎవరి మీద పడింది, ఆ మనిషికి తిరిగి మాట్లాడే వీలుందా అన్నదే కొలత కావాలని నా అభిప్రాయం.

ఆ కొలతతో చూస్తే 2025 ఫిబ్రవరిలో ‘ఇండియాస్ గాట్ లేటెంట్’ అనే యూట్యూబు హాస్య కార్యక్రమంపై దేశమంతా పెట్టిన గగ్గోలు నాకు తలకిందులుగా కనబడింది. తల్లిదండ్రుల గురించి అందులో ఒక అతిథి అడిగిన ప్రశ్న రోత పుట్టించేదే. అతణ్ణి అరెస్టు చేయకుండా రక్షణ ఇస్తూనే సుప్రీంకోర్టు గట్టిగా చీవాట్లు పెట్టింది కూడా. కానీ అది పెద్దలు పెద్దలను అడిగిన ప్రశ్న. నచ్చనివాడు ఫోను కట్టేయవచ్చు. దానికి రాష్ట్రానికో ఎఫ్‌ఐఆర్ దేనికి? అదే కార్యక్రమం నడిపిన హాస్యగాడు మరో సందర్భంలో, వెన్నెముక కండరాల క్షీణత వ్యాధి ఉన్న రెండు నెలల పసికందుకు 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ కావలసి రావడంపై జోకు వేశాడు. దానికి వీధుల్లో ఎవరూ దిష్టిబొమ్మ తగలబెట్టలేదు. ఆ వ్యాధిగ్రస్తుల కోసం పనిచేసే సంస్థ ఒకటి కోర్టు తలుపు తట్టింది కనుక ఆ విషయం బయటపడింది. 2021లో హైదరాబాద్‌లో ఒక చిన్నారికి ఆ మందు కోసం వేలాదిమంది ముక్కూమొహం తెలియనివాళ్లు చందాలు వేసిన సంగతి గుర్తున్నవాళ్లకు ఆ జోకు ఎలా వినబడుతుందో వేరే చెప్పాలా? అతనూ, అలాంటి జోకులే వేసిన మరికొందరు హాస్యగాళ్లూ తమ చానళ్లలోనే క్షమాపణ చెప్పాలని 2025 ఆగస్టులోనూ, ఆ రోగుల చికిత్సకు నిధులు పోగయ్యేలా కార్యక్రమాలు నిర్వహించాలని నవంబరులోనూ సుప్రీంకోర్టు ఆదేశించింది. జైలు కన్నా ఇది నాకు సబబుగా తోచింది: ఏ వేదికపై నవ్వించి సంపాదించాడో ఆ వేదికపైనే, ఎవరిని చూసి నవ్వాడో వాళ్ల పక్కన నిలబడటం.

వికలాంగులను గురించిన హాస్యమంతా తప్పని కూడా కోర్టు అనలేదు. ఒక సినిమాలో వికలాంగులను చూపిన తీరుపై వచ్చిన నిపుణ్ మల్హోత్రా కేసులో 2024 జులై 8న జస్టిస్ చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం, వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యం వేరు, ఆ మనిషిని కించపరిచే హాస్యం వేరు అని విడదీసి చెప్పింది. సరిగ్గా ఆ వారంలోనే మన తెలుగువాళ్ల మధ్య వేరే రగడ నడుస్తోంది. ఒక తండ్రీ కూతురి వీడియోపై ఒక తెలుగు యూట్యూబర్ ప్రత్యక్ష ప్రసారంలో చేసిన లైంగిక వ్యాఖ్యలను నటుడు సాయి ధరమ్ తేజ్ బయటపెట్టి ప్రశ్నించాక, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు కట్టి అతణ్ణి బెంగళూరులో అరెస్టు చేసింది. దానికి ఏ కొత్త చట్టమూ కావలసి రాలేదు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం ఉంది, పిల్లలను లైంగికంగా చూపే రాతలనూ వీడియోలనూ శిక్షించే 67బి సెక్షన్ ఐటీ చట్టంలో ఉంది. పసిపిల్ల విషయంలో ‘సరదాకి అన్నాను’ అన్న జవాబు చెల్లదని ఆ చట్టాలు ఎప్పుడో చెప్పాయి. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ వ్యాఖ్య చేసినవాడి కన్నా, ఆ తెరమీద చిన్నచిన్న గడుల్లో కూర్చుని పకపకా నవ్వినవాళ్లు.

కనుక ప్రభుత్వాన్ని కొత్త చట్టం అడిగే ముందు, ఉన్నవాటిని ఎవరి కోసం కదిలిస్తున్నారో అడుగుదాం. వికలాంగుణ్ణి అవమానించే ఉద్దేశంతో బహిరంగంగా కించపరిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష వేయవచ్చని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ చెబుతోంది; దాని పేరు మన ఠాణాల్లో ఎంతమందికి తెలుసు? 2021 నాటి ఐటీ నియమాల ప్రకారం ప్రతి వేదికా ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలియజేయాలి. ఆ జవాబుతో తృప్తి పడనివాళ్లకు కేంద్రం అప్పీలు కమిటీలను కూడా ఏర్పాటు చేసింది. ఈ దారి ఇంగ్లిషు రానివాళ్లకు, చదువు తక్కువైన తల్లిదండ్రులకు తెరుచుకునేలా తెలుగులో, ఒక్క పేజీలో, గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెట్టే వీలు కల్పిస్తే అది ఏ సెన్సారు సంఘం కన్నా మేలు. అలాంటి వీడియోపై వచ్చే ప్రకటనల డబ్బును ఫిర్యాదు తేలేదాకా నిలిపివేసే నిబంధన పెడితే మరీ మంచిది.

ఆ పిల్లవాడి తల్లితో పాటు నేనూ ఠాణాకు వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టారు, వీడియో రెండుసార్లు చూశారు. "ఇందులో తిట్టేమీ లేదు కదమ్మా" అన్నారు. ఆ తరువాత నావైపు తిరిగి, "ఇంతకీ ఈ పేజీవాళ్లు ఏ పార్టీవాళ్లు మాస్టారూ?" అని అడిగారు. తెలియదన్నాను. కాగితం తీసుకుని రసీదు లేకుండా పంపించారు. ఈ లేఖ రాస్తున్న నాటికి ఆ పదకొండు సెకన్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తణుకు