ధాన్యం కొనుగోలు డేటాబేస్ పదే పదే పాడవుతున్నందుకు ఫిర్యాదు

కోవూరు, నెల్లూరు జిల్లా

సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా రైస్ మిల్లుకు మీరు చేసిచ్చిన ధాన్యం కొనుగోలు డేటాబేస్ మొన్నటి కోతల్లో మూడుసార్లు పాడైంది. ప్రతిసారీ మీవాళ్ళు ఫోనులో చెప్పింది ఒకటే: "కంపాక్ట్ అండ్ రిపేర్ (పాడైన ఫైలును సరిచేసే ఆప్షన్) కొట్టండి, సరిపోతుంది." సరిపోలేదు.

మూడోసారి ఏం జరిగిందో చెప్తాను. సాయంత్రం ఐదున్నరకి గేటు బయట పదకొండు ట్రాక్టర్లు ఉన్నాయి. కాటా రూములో అబ్బాయి తూకం ఎక్కిస్తుండగా కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్లకు యూపీఎస్ ఉంది, ఆగలేదు. వాటిని సర్వర్‌తో కలిపే నెట్‌వర్క్ స్విచ్‌కు లేదు, అది ఆగింది. మళ్ళీ తెరిచి చూస్తే కొన్ని వరసల్లో రైతు పేరు, పుట్లు, తేమ శాతం అన్ని గడుల్లోనూ "#డిలీటెడ్" అని ఉంది. రిపేర్ కొట్టాక ఆ వరసలే లేవు. కాటా చీటీల కార్బన్ కాపీలు ముందేసుకుని రెండు రాత్రులు తిరిగి ఎక్కించాం. ఒక చీటీలో కార్బన్ సరిగా పడక 3 పుట్లా 5 పుట్లా తేలలేదు. మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. రెండు పుట్లంటే 1,700 కిలోలు ఒక రైతుకు తగ్గిపోయినట్టే. ఆయన తన చీటీ తెచ్చి చూపించేదాకా నాకు టెన్షన్ తగ్గలేదు.

లోపం మీరు అమర్చిన తీరులోనే ఉంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో టేబుల్స్ ఒక ఫైలుగా, ఫారాలు, రిపోర్టులు ఇంకో ఫైలుగా విడగొట్టారు, బాగుంది. కానీ ఆ రెండో ఫైలు కూడా సర్వర్‌లోనే పెట్టి నలుగురికీ షార్ట్‌కట్ ఇచ్చారు. అంటే నలుగురం ఒకే ఫారాల ఫైలు తెరుస్తున్నాం. ఇక విడగొట్టి ఏం లాభం? ఎవరి ఫ్రంట్ ఎండ్ (ఆ ఫారాల ఫైలు) కాపీ వాళ్ళ కంప్యూటర్లో ఉండాలి, సర్వర్‌లో టేబుల్స్ ఫైలు ఒక్కటే ఉండాలి. గోడౌన్ ల్యాప్‌టాప్‌ను వైఫై మీద నడపడం ఇంకా పెద్ద తప్పు. రాస్తుండగా సిగ్నల్ తెగితే దెబ్బ ఆ ల్యాప్‌టాప్‌తో ఆగదు, అందరూ వాడే ఫైలుకే తగులుతుంది. బస్తాల నెట్టు పెరిగేకొద్దీ అక్కడ సిగ్నల్ పడిపోతుందని మీ టెక్నీషియన్‌కు మొదటిరోజే చూపించాం.

రిపేర్‌కు ముందు ఫైలు కాపీ తీసి పెట్టుకోవాలని, అందరూ బయటికి వచ్చి లాక్ ఫైలు (డేటాబేస్ ఎవరైనా తెరిచి ఉన్నంతసేపు పక్కన కనిపించే చిన్న ఫైలు) పోయాకే మొదలుపెట్టాలని మీవాళ్ళు ఒక్కసారీ చెప్పలేదు. పైగా బ్యాకప్ అని ఆ ఫోల్డర్‌నే క్లౌడ్ సింక్‌లో పెట్టారు. పాడైన ఫైలే వెళ్ళి మంచి కాపీ మీద కూర్చుంది.

ఎడగారు (రెండో పంట) కోతలు మొదలయ్యేలోపు మనిషిని పంపండి. గోడౌన్‌కు కేబుల్, స్విచ్‌కు యూపీఎస్ ఖర్చు మేం పెట్టుకుంటాం. ఫ్రంట్ ఎండ్ కాపీలు విడివిడిగా పెట్టడం, సింక్ తీసేయడం, రోజూ రాత్రి తేదీ పేరుతో వేరే డిస్కుకు బ్యాకప్ వెళ్ళే ఏర్పాటు మీరు ఉచితంగా చేయాలి. ఫారాలు ఇవే ఉంచి టేబుల్స్‌ను ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్‌దే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఉచిత ఎడిషన్‌కు మార్చడానికి ఎంతవుతుందో కూడా రాసివ్వండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే మెయింటెనెన్స్ కాంట్రాక్టు రెన్యూ చేయం.

పాడైన స్క్రీన్ ఫొటోలు, కాటా చీటీల నకళ్ళు జతచేశాను.

ఇట్లు,
అకౌంటెంట్